వైఫై ఉంది, నెట్ లేదు: తప్పు ఏ ప్రోటోకాల్‌ది?

రౌటర్ ఆపి ఆన్ చేస్తే చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది. ఎందుకు పోయిందో మాత్రం తెలియదు, మర్నాడు మళ్లీ అదే తంతు. ఆపేముందు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి కింది వరుసలో చూడండి.

మొదట ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం. అడ్రస్‌లు పంచేది అదే (డేటా పంపే యూడీపీ పద్ధతిలో 67, 68 పోర్టులు). అది పలకకపోతే విండోస్ తనంతట తానే ఆ నంబరు పెట్టుకుంటుంది. ఐపీకాన్ఫిగ్‌కే రిలీజ్ (ipconfig /release), ఆపైన రెన్యూ (ipconfig /renew) ఇచ్చి చూడండి. అయినా రాకపోతే రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. హాస్టళ్లలోనైతే పూల్ (పంచడానికి రౌటర్ దగ్గరున్న అడ్రస్‌ల కోటా) నిండిపోయి ఉండొచ్చు. లీజ్ టైమ్ (ఇచ్చిన అడ్రస్ గడువు) 24 గంటలుంటే 2 గంటలకు తగ్గించండి.

అడ్రస్ సరిగానే ఉంటే గేట్‌వేని (ఐపీకాన్ఫిగ్‌లో కనిపించే రౌటర్ అడ్రస్) పింగ్ చేయండి, అంటే పలుకుతుందో లేదో చూడండి. తర్వాత గూగుల్ సర్వర్ 8.8.8.8ని. గేట్‌వే పలికి ఇది పలకకపోతే తప్పు రౌటర్ అవతల ఉండొచ్చు. అయితే పింగ్ వాడేది ఐసీఎంపీ అనే వేరే ప్రోటోకాల్. కొన్ని ఆఫీసు ఫైర్‌వాల్స్ దాన్ని ఆపేస్తాయి. అందుకని పింగ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

8.8.8.8 పలుకుతోంది, సైట్ల పేర్లు కొడితే తెరుచుకోవు. అది డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) తప్పు. ఎన్ఎస్‌లుకప్ (nslookup) తర్వాత సైటు పేరు, దాని పక్కన 8.8.8.8 ఇవ్వండి. అలా అడిగితేనే జవాబొస్తే రౌటర్‌లో డీఎన్ఎస్ సర్వర్ మార్చండి. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టును యూడీపీకే కాదు, టీసీపీ అనే ఇంకో పద్ధతికీ తెరవాలి. పెద్ద జవాబులు టీసీపీలో వస్తాయి.

అన్నిటికంటే విసిగించేది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చన్న పరిమితి). పింగ్ బాగుంటుంది, కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రౌటర్ లాగిన్ అయ్యే పీపీపీఓఈ లైన్లలో ఇది ఎక్కువ. ఈథర్‌నెట్ ఇచ్చే 1500 బైట్లలో పీపీపీఓఈ 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. టీసీపీ పలకరింపు ప్యాకెట్లు చిన్నవి కాబట్టి దాటిపోతాయి, పేజీని మోసే పెద్దవి దారిలో రాలిపోతాయి. పింగ్‌కి ఎఫ్ (-f, ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని), ఎల్ (-l, సైజు) స్విచ్‌లు పెట్టి 1464 బైట్లు పంపండి (హెడర్లు 28 కలిపితే 1492). వెళ్లకపోతే పదేసి తగ్గిస్తూ రండి. వెళ్లిన సంఖ్యకు 28 కలిపి రౌటర్‌లో వాన్ (బయటి ఇంటర్నెట్ లైన్) ఎంటీయూగా పెట్టండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (టీసీపీ ప్యాకెట్లను ఆ పరిమితికి సరిపడా చిన్నవిగా ఉంచేది) ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి.

అన్ని సైట్లూ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంటే ముందు సిస్టమ్ తేదీ చూడండి. గడియారం సరిచేసేది ఎన్‌టీపీ, యూడీపీ 123. ఆ పోర్టు మూసుకుపోయి ఉండొచ్చు. పాత మదర్‌బోర్డులో సీమాస్ బ్యాటరీ (కంప్యూటర్ ఆపినా గడియారాన్ని నడిపేది) అయిపోయినా ఇంతే.