ఇంటి చప్పుళ్లతో ప్రయోగాత్మక సంగీతం కూర్చడం ఎలా?

స్టీలు గిన్నె మూతను నున్నటి నేల మీద అంచున నిలబెట్టి బొంగరంలా తిప్పి వదిలితే, మొదట అది తీరుబడిగా ఊగుతూ తిరుగుతుంది. నేలకు వాలుతున్న కొద్దీ అంచు తగిలే వేగం పెరుగుతుంది. విడివిడిగా వినిపించిన టకటకలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సన్నని మోతగా మారి, ఆ మోత ఉన్నట్టుండి ఆగిపోతుంది. దెబ్బలు సెకనుకు ఇరవై దాటితే చెవి వాటిని లెక్కపెట్టడం మానేసి స్వరంగా వినడం మొదలుపెడుతుంది. అంటే అయిదారు సెకన్ల ఈ చప్పుడులో లయ ఉంది, ఆ లయ స్వరంగా మారే మలుపు ఉంది, ముక్తాయింపు కూడా ఉంది. ఇటువంటి చప్పుళ్లను ఫోనులో పట్టుకుని, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో రెండు నిమిషాల కృతిగా ఎలా మలచవచ్చో ఇక్కడ వివరిస్తాను. సంగీత జ్ఞానం, ఖరీదైన మైకు ఇందుకు అవసరం లేదు. హెడ్‌ఫోన్లు మాత్రం తప్పనిసరి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1944లో కైరోలో ఈజిప్టు స్వరకర్త హలీం ఎల్-దభ్ తీగ మీద శబ్దాన్ని నమోదు చేసే యంత్రాన్ని అరువు తెచ్చుకుని, ఒక క్రతువులోని గానాన్ని రికార్డు చేసి, స్టూడియోలో దాని రూపాన్ని మార్చి కృతిగా తయారు చేశారు. 1948లో పారిస్‌లో ఫ్రెంచ్ రేడియోలో పనిచేస్తున్న పియేర్ షెఫేర్ బాటిన్యోల్ స్టేషన్‌లోని రైలింజన్ల చప్పుళ్లతో సుమారు మూడు నిమిషాల కూర్పు చేయగా, అది ఆ ఏడాది అక్టోబరు 5న రేడియోలో ప్రసారమైంది. ఈ తరహా సంగీతానికి ‘మ్యూజిక్ కాంక్రేత్’ అని పేరు పెట్టింది ఆయనే. అప్పటికి ఆయన చేతిలో టేపు కూడా లేదు. పనంతా గ్రామఫోను రికార్డుల మీదే జరిగింది. ఆ పరిమితిలోంచి పుట్టిన ఉపాయాలు రెండు ఈ రోజుకూ పనికివస్తాయి కనుక వాటి గురించి కింద మళ్లీ చెబుతాను.

మొదటి మెట్టు: ఒకే వస్తువును ఎంచుకోండి

కొత్తగా మొదలుపెట్టేవారు చేసే పొరపాటు, ఇల్లంతా తిరిగి వంద చప్పుళ్లు పోగుచేసుకోవడం. వాటన్నిటినీ ఒకచోట చేరిస్తే సంగీతానికి బదులు శబ్దాల జాబితా తయారవుతుంది. దాని బదులు ఒక వస్తువును, మహా అయితే రెండింటిని తీసుకుని, అవి ఎన్ని రకాలుగా పలుకుతాయో చూడండి. గిన్నె మూతనే తీసుకుంటే, దాన్ని తిప్పవచ్చు, చెంచాతో కొట్టవచ్చు, గోటితో గీకవచ్చు, తడి వేలితో అంచును రుద్దవచ్చు, కొట్టిన వెంటనే నీళ్లలో ముంచి మోత వంగిపోవడం వినవచ్చు. అన్నీ ఒకే లోహం నుంచి వచ్చినవి కాబట్టి తర్వాత ఎలా పేర్చినా వాటి మధ్య చుట్టరికం చెవికి తెలుస్తూనే ఉంటుంది.

రికార్డు చేసే ముందు పది నిమిషాలు ఊరికే వినండి. షెఫేర్ కోరిన సాధన ఏమిటంటే, శబ్దం ఏ వస్తువు నుంచి వచ్చిందన్న సంగతిని పక్కన పెట్టి, అది గరుకుగా ఉందా నున్నగా ఉందా, ఎలా మొదలై ఎలా ఆరిపోతోంది, లోపల ఎన్ని పొరలున్నాయి అన్నవాటిని మాత్రమే గమనించడం. రాసేటప్పుడు కూడా ‘మూత చప్పుడు’ అని కాకుండా ‘గట్టి మొదలు, వణుకుతూ మూడు సెకన్ల తోక’ అని రాసుకుంటే కూర్పు వేళ ఆ చీటీ ఎంతో ఉపకరిస్తుంది.

రెండవ మెట్టు: రికార్డింగు

ఫోనులో ఉండే మామూలు వాయిస్ రికార్డరు మాటల కోసం తయారైంది. అది శబ్దాన్ని కుదించి, వెనకనున్న సన్నని ధ్వనులను అనవసరమని తీసేసి, చిన్న చప్పుళ్లను తనంతట తానే పెంచేస్తుంది. మనకు కావలసినవి సరిగ్గా ఆ సన్నని ధ్వనులే. అందుచేత వేవ్ ఫైలుగా, కుదించకుండా, వీలైతే 48,000 హెర్ట్జ్ (సెకనుకు 48,000 నమూనాలు), 24 బిట్లలో రికార్డు చేసే యాప్‌ను వాడి, నేపథ్య శబ్దాల తొలగింపు, స్వయంచాలక స్థాయి సవరణ అనే సదుపాయాలను ఆపేయండి. ఈ నాణ్యతలో స్టీరియో రికార్డింగు నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు, మోనో అయితే అందులో సగం స్థలాన్ని తీసుకుంటుంది.

ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన బట్ట మీద ఉంచి, వస్తువుకు ఒక జానెడు దూరంలో ఉండేలా చూసుకోండి. అతి పెద్ద దెబ్బ కూడా మీటరు మీద మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. మైనస్ 12 దగ్గర ఆగితే మరీ మంచిది. శబ్దం మీటరు మీది సున్నా డెసిబెల్స్‌ను తాకితే తరంగం పైభాగం తెగిపోయి చదునైపోతుంది, పోయిన ఆ భాగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నది ఉన్నట్టు తిరిగి తేలేదు. ప్రతి చర్యనూ బలం మార్చి మార్చి అయిదుసార్లయినా చేయండి, ప్రతిసారీ మోత పూర్తిగా ఆరిపోయాక మూడు నాలుగు సెకన్లు కదలకుండా ఉండండి. శబ్దం ఆగిందనుకుని చేయి కదపడంలోనే చాలా మంచి తోకలు పాడవుతాయి. ఆరుబయట రికార్డు చేస్తుంటే మైకు మీద పల్చటి సాక్సు తొడగండి. గాలి హోరు చాలావరకు తగ్గుతుంది. ఇతరుల మాటలు, పాటలు పట్టుకోవాలనుకుంటే ముందుగా వారి అనుమతి తీసుకోండి.

నా మొదటి రికార్డింగులన్నిటిలో ఫ్రిజ్ హోరు ఉంది. శబ్దాలు పడుతున్నప్పుడు అది నాకు వినిపించనే లేదు. రోజూ ఉండే హోరును చెవి వదిలేస్తుంది, మైకు వదలదు. నాయిస్ రిడక్షన్‌తో తీసేయబోతే గిన్నెల మోతలన్నీ నీళ్లలోంచి వస్తున్నట్టు తయారయ్యాయి. చివరికి ఫ్రిజ్‌ను ఆపి శబ్దాలను మళ్లీ పట్టాను, హోరును మాత్రం విడిగా దాచుకున్నాను. కరెంటు 50 హెర్ట్జ్‌లో వచ్చే దేశాల్లో ఆ హోరు ప్రధానంగా 100 హెర్ట్జ్ దగ్గర, 60 హెర్ట్జ్ వచ్చే చోట 120 దగ్గర ఉంటుంది. స్థిరంగా, అలుపు లేకుండా సాగే ఆ ధ్వని కృతి మొత్తానికి శ్రుతిగా చక్కగా పనికివచ్చింది.

మూడవ మెట్టు: కత్తిరించి, పేర్లు పెట్టడం

2000వ సంవత్సరంలో తొలిసారి విడుదలైన ఆడాసిటీ అనే శబ్ద సవరణ సాఫ్ట్‌వేర్ ఇందుకు చాలు; ఇది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫైలు తెరిచి, ఒక్కో శబ్దాన్నీ ఎంచి కంట్రోల్, బి మీటలు కలిపి నొక్కితే అక్కడ ఒక లేబుల్ పడుతుంది. ముక్క అంచులు తరంగం తన మధ్యనున్న సున్నా గీతను దాటే చోట ఉండాలి, లేకపోతే ‘టిక్’ మని వినిపిస్తుంది. జడ్ మీట నొక్కితే ఎంపిక అంచులు దగ్గరలోని అటువంటి చోటికి జరుగుతాయి. అయినా టిక్ వినిపిస్తే ముక్క మొదట్లో, చివర్లో అయిదు నుంచి పది మిల్లీసెకన్ల ఫేడ్ (శబ్దం క్రమంగా పెరగడం, తగ్గడం) ఇవ్వండి. ‘కొత్తది1’, ‘కొత్తది2’ వంటి పేర్లు పెట్టకండి. అసలు ఫైళ్లను ముట్టుకోకుండా వేరే ఫోల్డరులో ఉంచి, నకళ్ల మీదే పనిచేయండి.

నాలుగవ మెట్టు: శబ్దం రూపం మార్చడం

మెనూలో ఎఫెక్టులు డజన్ల కొద్దీ కనిపిస్తాయి. మొదటి కృతికి కింద చెప్పినవి తప్ప మరేమీ ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

వేగం తగ్గించడం అన్నిటికన్నా శక్తిమంతమైన సాధనం. నాలుగు సెకన్ల మూత చప్పుడును సగం వేగంతో వినిపిస్తే ఎనిమిది సెకన్లవుతుంది, స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. పావు వేగంతో పదహారు సెకన్లయి రెండు స్థాయిలు దిగుతుంది. అప్పుడు టకటకల మధ్య ఇంతకుముందు వినపడని చిన్న చిన్న రాపిడులు, లోహం వణుకు బయటపడి, వంటగది మూత కాస్తా పెద్ద దేవాలయ గంటలా పలుకుతుంది. అయితే దీనికి ఒక ఇబ్బంది ఉంది. మన రికార్డింగులో అత్యధికంగా 20,000 హెర్ట్జ్ వరకే ధ్వని ఉందనుకుంటే, పావు వేగానికి తగ్గించాక 5,000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, శబ్దం దుప్పటి కప్పినట్టు మందగిస్తుంది. అదే శబ్దాన్ని అసలు వేగంలో చాలా చిన్నగా దాని మీద పేర్చితే ఆ మెరుపు తిరిగి వస్తుంది.

ఇక షెఫేర్ ఉపాయాలు. ఒకటి, గంట మోతలోంచి కొట్టిన క్షణాన్ని కత్తిరించడం. ఒక వస్తువును గుర్తుపట్టడానికి మన చెవి చాలావరకు ఆ మొదటి క్షణం మీదే ఆధారపడుతుంది. దాన్ని తీసేసి మిగిలిన తోకను మెల్లగా ఫేడ్‌తో మొదలయ్యేలా చేస్తే, గంట ఊదే వాద్యంలా వినిపిస్తుంది. గాజు గ్లాసును చెంచాతో మీటి, మొదటి 80 మిల్లీసెకన్లు తీసేసి చూడండి, అది గ్లాసని ఎవరూ చెప్పలేరు. రెండవది, రికార్డు మీది గాడిని మూసి, ముల్లు అక్కడక్కడే తిరిగేలా చేయడం. నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డు మీద ఒక చుట్టు సుమారు 0.77 సెకన్లు. మీ రికార్డింగులో ఎక్కడైనా సరే సరిగ్గా అంత ముక్క ఎంచి రిపీట్ ఎఫెక్టుతో ఇరవైసార్లు తిప్పండి. దగ్గు, తలుపు కిర్రు, కాగితం నలుగుడు, ఏదైనా నాలుగో చుట్టుకల్లా అర్థం వదిలేసి లయగా మారిపోతుంది.

వీటికి తోడు శబ్దాన్ని వెనక నుంచి ముందుకు తిప్పే రివర్స్, ఒక్క సెకనును నిమిషాలకు సాగదీసే పాల్‌స్ట్రెచ్ ఉన్నాయి. పాల్‌స్ట్రెచ్ ఏ చప్పుడునైనా అందమైన మేఘంలా మార్చేస్తుంది, సరిగ్గా అందుకే దానితో జాగ్రత్తగా ఉండాలి: దేనికి వాడినా ఫలితం ఒకే తీరున ఉంటుంది. గది ప్రతిధ్వనిని జోడించే రివర్బ్ విషయంలోనూ నాది ఇదే అభ్యంతరం. చివర్లో కొద్దిగా కలపండి, శబ్దంలో లోపాన్ని కప్పడానికి వాడకండి.

అయిదవ మెట్టు: కూర్పు

కాగితం అడ్డంగా పెట్టి రెండు నిమిషాల గీత గీయండి. దాని మీద పది సెకన్లకొక గుర్తు పెట్టి, ఎక్కడ దట్టంగా ఉండాలో, ఎక్కడ ఒక్క శబ్దమే ఉండాలో, ఎక్కడ ఏమీ ఉండకూడదో పెన్సిలుతో రాయండి. తెర మీద ట్రాకులు పేర్చడం మొదలుపెడితే ఖాళీ కనిపించిన చోటల్లా ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది. కాగితం ఆ ఉబలాటాన్ని అదుపులో ఉంచుతుంది. శబ్దాలను అయిదు నుంచి ఏడుకు పరిమితం చేసుకోండి.

మూత ఉదాహరణనే కొనసాగిస్తే, నా అమరిక ఇలా ఉంటుంది. ఫ్రిజ్ హోరు వినీవినపడకుండా మొదలవుతుంది. పదిహేనో సెకను దగ్గర పావు వేగపు మూత మోత, దాని తోక ఆరకముందే మొదలు కత్తిరించిన గ్లాసు స్వరం వస్తాయి. ముప్పావు నిమిషం నుంచి గోటి గీకుడు చుట్లు ఒక్కొక్కటిగా చేరుతూ దట్టమై, నిమిషంన్నర దగ్గర హోరుతో సహా అన్నీ ఒకేసారి తెగిపోతాయి. మూడు సెకన్ల నిశ్శబ్దం. అప్పుడు మొదటిసారిగా, ఏ మార్పూ చేయని అసలు మూత చప్పుడు తిరిగి తిరిగి ఆగుతుంది. అంతవరకు విన్నదంతా దేనిలోంచి వచ్చిందో వినేవారికి అప్పుడు తెలుస్తుంది.

చుట్లు వాడేటప్పుడు అన్నిటినీ ఒకే నిడివిలో ఉంచితే త్వరగా విసుగు పుడుతుంది. ఏడు, పదకొండు, పదమూడు సెకన్ల చుట్లు మూడింటిని ఒకేసారి మొదలుపెడితే, అవి మళ్లీ కలిసి మొదలయ్యేది 1,001 సెకన్లకు, అంటే 16 నిమిషాల 41 సెకన్లకు. రెండు నిమిషాల కృతిలో ఆ మూడింటి కలయిక ఒక్కసారైనా పునరావృతం కాదు, మీరు చేసింది మూడు ముక్కలు కత్తిరించడమే.

రెండు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయనిపిస్తే ముందుగా పరిమాణం (వాల్యూమ్) పెంచకండి. రెండూ ఒకే హెర్ట్జ్ పరిధిలో పలుకుతున్నాయేమో చూసి, ఒకదానికి హై-పాస్ ఫిల్టరుతో 200 హెర్ట్జ్ కింది భాగం తీసేయండి, లేదా ఒకదాన్ని ఎడమకు, మరొకదాన్ని కుడికి జరపండి. ఎన్వలప్ సాధనంతో ప్రతి ట్రాకు పరిమాణాన్నీ కాలక్రమంలో ఎత్తి దించడం కొంత ఓపిక అడుగుతుంది. కూర్పుకు పట్టే సమయంలో సగం దీనికే వెచ్చించండి.

చివరి మెట్టు: ఫైలుగా మార్చడం

అన్ని ట్రాకులూ కలిసినప్పుడు గరిష్ఠ స్థాయి మైనస్ 1 డెసిబెల్‌ను దాటకుండా చూసుకుని, వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి; పంచుకోవడానికి ఎంపీ3 ప్రతిని దాని నుంచే తీయండి. ప్రాజెక్టు ఫైలును, అసలు రికార్డింగులను వేరే డిస్కులో కూడా భద్రపరచండి. ఒక రాత్రి గడిచాక హెడ్‌ఫోన్లలో కాకుండా ఫోను స్పీకరులో వినండి. 100 హెర్ట్జ్ హోరు అందులో దాదాపు వినిపించదు, కృతి మొదటి పదిహేను సెకన్లూ ఖాళీగా ఉన్నట్టు తోస్తుంది. అప్పుడు హోరు ట్రాకుకు ఒక నకలు తీసి, చేంజ్ పిచ్ ఎఫెక్టుతో రెండు స్థాయిలు పైకి లేపి, అసలు దానికన్నా బాగా తగ్గించి కలపండి. 400 హెర్ట్జ్ దగ్గరి ఆ సన్నని పొర చిన్న స్పీకర్లలోనూ వినిపిస్తుంది, పెద్ద స్పీకర్లలో హోరులోనే కలిసిపోతుంది.