‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ హైస్కూల్ పిల్లలకు ఎట్లా చెప్పాలి

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో తెచ్చిన ఈ నవలలో 3 భాగాలు, 25 అధ్యాయాలు. 12 పీరియడ్లు పెట్టుకోండి, అందులో 7 మొదటి భాగానికే. చాలామంది ఆ 13 అధ్యాయాలు పరుగెత్తించి తెల్లవాళ్ల రాకకు దూకుతారు. అప్పుడు కూలిపోయింది ఏమిటో పిల్లలకు అందదు.

ఒకోంక్వో (కథానాయకుడు), ఎన్వోయే (అతని కొడుకు), ఇకెమెఫునా (అతని ఇంట్లో పెరిగే పరాయి ఊరి పిల్లవాడు), ఒబియెరిక (అతని స్నేహితుడు): ఈ పేర్లు బోర్డు మీద తెలుగులో రాసి వారం దాకా చెరపకండి. ‘యామ్’ అంటే వరంగల్ పిల్లలు గెనుసుగడ్డ అనుకోవచ్చు. అది పెండలం జాతి దుంప. నవలలోని ఇగ్బో ఊళ్లో దాని గాదె నిండితేనే మగవాడికి పరువు. అంగడిలో పెండలం దొరికితే ఒకటి తెచ్చి చేతికివ్వండి. ఇంటికొచ్చిన అతిథికి కోలా కాయ పంచడానికి మన ఆకువక్క మర్యాద పోలిక చాలు.

ఏడో అధ్యాయం మీరే పైకి చదవండి. ఊరివాళ్లు చంపబోతుంటే ఇకెమెఫునా ‘నాన్నా’ అంటూ ఒకోంక్వో వైపు ఉరికే చోట ఆగండి. రెండు నిమిషాలు ఏమీ అడగొద్దు. తర్వాత ఒకే ప్రశ్న: ఆ చావులో చెయ్యి పెట్టొద్దని ఊరి పెద్దమనిషి చెప్పినా ఒకోంక్వో అతని మీద కత్తి ఎందుకు ఎత్తాడు? జవాబు అక్కడే ఉంది, పిరికివాడంటారన్న భయం. దాన్ని వాళ్లే వెతికి గీత గీయాలి.

చివరి పేరాకు ఒక పూర్తి పీరియడ్ ఉంచండి. ఉరేసుకుని చనిపోయిన ఒకోంక్వో బతుకంతా తన పుస్తకంలో ఒక్క పేరాకు సరిపోతుందనుకుంటాడు బ్రిటిష్ అధికారి అయిన జిల్లా కమిషనర్. ఆ పేరాను ఐదు వాక్యాల్లో రాయించండి. వెంటనే అదే చావును ఒబియెరిక మాటల్లో మళ్లీ రాయించండి.