35 ఎంఎం బొమ్మకు డిజిటల్ సౌండ్ కలవాలంటే ఏం చేయాలి?

డైలాగ్ పెదవులకు కలవట్లేదనగానే ప్రాసెసర్ (సౌండ్ నడిపే పెట్టె) దగ్గరికి పరిగెత్తి డిలే (సౌండ్ ఎంతసేపు ఆపి వదలాలో చెప్పే అంకె) మార్చేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. చాలాసార్లు తప్పు డిలేది కాదు, లూప్‌ది, అంటే ప్రొజెక్టర్‌లో ఫిల్మ్ వదులుగా వదిలిన వంపుది.

కావాల్సినవి మార్కర్, పాత ఫిల్మ్ ముక్క, తలుపు ధడేల్మని పడే సీనున్న ఒక రీలు. అంతే. ఫిల్మ్ మీది డిజిటల్ డేటా చదివే రీడర్ ప్రొజెక్టర్ నెత్తిన ఉందనుకుని చెప్తున్నాను.

ముందు అనలాగ్, అంటే ఫిల్మ్ అంచున గీతలా అచ్చయిన ఆప్టికల్ సౌండ్. ఆప్టికల్ సౌండ్ బొమ్మకంటే 21 ఫ్రేములు ముందు ప్రింటయి ఉంటుంది, కాబట్టి గేట్ (బొమ్మ మీద వెలుగు పడే చోటు) నుంచి కింది సౌండ్ డ్రమ్ (ఆ సౌండ్ చదివే చోటు) దాకా 21 లెక్కపెట్టి ఫిల్మ్ ఎక్కించండి. డాల్బీ డిజిటల్ (ఫిల్మ్ మీదే అచ్చయ్యే డిజిటల్ సౌండ్) డేటా చదవలేని చోట ప్రాసెసర్ అనలాగ్‌కే దిగుతుంది, అందుకే ఇది మొదట.

తర్వాత డిజిటల్. పై రీడర్ డేటాను బొమ్మకంటే ముందే చదివేస్తుంది, బొమ్మ గేట్‌కు చేరేదాకా దాన్ని ఆపి ఉంచడమే డిలే పని. పాత ఫిల్మ్ ముక్క ఎక్కించి, మార్కర్‌తో రీడర్ చదివేచోట ఒక గీత, గేట్‌లో ఇంకో గీత పెట్టి, ఫిల్మ్ బయటికి తీసి బల్లమీద పరిచి లెక్కపెట్టండి. మీ ప్రాసెసర్ ఫ్రేములు అడుగుతుందో చిల్లులు (ఫిల్మ్ అంచున ఉండే రంధ్రాలు) అడుగుతుందో చూసుకోండి, ఫ్రేముకు 4 చిల్లులు.

ఇక అసలు తలనొప్పి, పై లూప్. రీడర్‌కీ గేట్‌కీ మధ్య ఉన్న ఫిల్మ్‌లో ఎప్పుడూ ఒకేలా ఉండనిది ఇదొక్కటే. లూప్ ఒక ఫ్రేము పెరిగితే బొమ్మ సెకనులో 24వ వంతు ఆలస్యంగా వస్తుంది, డిలే మాత్రం పాత లెక్కే, అంటే మాట నోరు తెరవకముందే వినిపిస్తుంది. ఆలస్యాన్ని చెవి కొంత సర్దుకుంటుంది (దూరంనుంచి వచ్చే చప్పుడు ఎప్పుడూ ఆలస్యమే కదా), ముందే వచ్చేదాన్ని అస్సలు ఒప్పుకోదు.

ఇంకో మోసం ఉంది. గేట్‌లో ఫ్రేము ఆగి ఉన్నంతసేపూ పై స్ప్రాకెట్ (పళ్ల చక్రం) ఫిల్మ్ తోస్తూనే ఉంటుంది, లూప్ పెరుగుతుంది, ఫ్రేము కిందికి లాగగానే తగ్గుతుంది. కాబట్టి చేత్తో నాబ్ తిప్పి, ఫ్రేము కిందికి లాగడం అప్పుడే అయిపోయిన స్థితిలోనే ఎక్కించాలి, గీతలూ అప్పుడే పెట్టాలి, ఎప్పుడూ అదే స్థితి. ఫ్రేము గేట్‌లో సరిగ్గా కూర్చోబెట్టే ఎక్కించండి. బొమ్మ సగం తెగి కనిపించాక ఫ్రేమింగ్ నాబ్‌తో సరిచేశారంటే చాలా ప్రొజెక్టర్లలో లూప్ లెక్క కూడా రెండు మూడు చిల్లులు జరిగిపోతుంది. సరైన లూప్ పైఅంచు ఎక్కడిదాకా వస్తుందో ప్రొజెక్టర్ ఒంటిమీద పెయింట్‌తో గీత కొట్టండి. "చేతికి అలవాటే, గీతెందుకు" అనే ఆపరేటర్లుంటారు. అలాంటివాళ్లిద్దరు షిఫ్ట్ మారితే చాలు, డిలే రోజుకో అంకె మీద ఉంటుంది.

చివరిగా, డైలాగ్ నడుస్తుండగా డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చి వినండి. మాట ముక్క రెండుసార్లు వినిపిస్తే డిజిటల్ ముందుంది, డిలే పెంచండి. ముక్క మింగేస్తే వెనకుంది, తగ్గించండి. తలుపు సీను బూత్ కిటికీలోంచి చూసి తేల్చొద్దు, హాలు మధ్యలో కూర్చోండి. శబ్దం 14 మీటర్లు రావడానికి దాదాపు ఒక ఫ్రేము పడుతుంది, చివరి వరుసకు ఆ మాత్రం తేడా తప్పదు.

డీటీఎస్ అనే ఇంకో డిజిటల్ సౌండ్ పద్ధతికీ ఇదే లెక్క. సౌండ్ డిస్కులో ఉన్నా టైమ్‌కోడ్ (ఏ బొమ్మకు ఏ సౌండో చెప్పే గుర్తులు) చదివేది ఫిల్మ్ మీదే, కాబట్టి లూప్ మారితే అదీ తప్పుతుంది.