గోదావరి డెల్టాలో ఇంటి కప్పు ఎంపిక: వడగళ్ళకు, కొబ్బరికాయలకు, తుపాను గాలికి నిలిచేది ఏది?

కోనసీమలో గానీ, నరసాపురం, పాలకొల్లు వైపు గానీ ఇంటికి కొత్తగా రేకులో పెంకులో వేయించదలచినవారు ధర, రంగు చూసుకునే ముందు ఆ కప్పు మీద ఎలాంటి దెబ్బలు పడతాయో ఆలోచించుకోవాలి. వేసవిలో ఉరుములతో వచ్చే గాలివానకు అప్పుడప్పుడూ వడగళ్ళు పడతాయి. ఇంటిని ఆనుకుని ఎదిగిన చెట్టు నుంచి కొబ్బరికాయ ఏ కాలంలోనైనా రాలుతుంది. ఇక మే నెలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ బంగాళాఖాతం మీదుగా వచ్చే తుపాను గాలి కప్పును పైకి లాగుతుంది. దెబ్బకు పగలని కప్పు గాలికి లేచిపోవచ్చు, గాలికి కదలని కప్పు కాయ పడితే బద్దలు కావచ్చు. అందువల్ల ఈ రెండు గుణాలనూ విడివిడిగా పరిశీలించి తీరాలి.

దెబ్బకు తట్టుకునే గుణాన్ని కొలవడానికి అమెరికాలో యూఎల్ 2218 అనే పరీక్ష ఉంది. అక్కడ వడగళ్ళు ఎక్కువగా పడే రాష్ట్రాలలో ఇళ్ళ యజమానులు తారు షింగిల్స్ (కప్పు మీద పరిచే తారు పూసిన పలుచని పలకలు) కొనేటప్పుడు ఈ పరీక్షలో వచ్చిన తరగతిని చూస్తారు. అన్నిటికంటే గట్టిదైన 4వ తరగతి రావాలంటే 2 అంగుళాల వ్యాసం గల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వదిలినా షింగిల్ బీటలు వారకూడదు. ఆ దెబ్బ శక్తి సుమారు 32 జౌళ్ళు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). మన దొడ్డిలో కిలోన్నర బరువున్న కొబ్బరికాయ కప్పుకు 10 మీటర్ల పై నుంచి రాలితే ఆ శక్తి దాదాపు 147 జౌళ్ళు, అంటే నాలుగు రెట్లకు పైమాటే. కాయకు పీచు ఉంటుంది కనుక దెబ్బ కొంత పరుచుకుంటుంది, నిజమే. అయినా 4వ తరగతి ముద్ర వడగళ్ళకు ఇచ్చే భరోసా కొబ్బరికాయకు వర్తించదు. పైగా షింగిల్స్ కింద అంతటా ప్లైవుడ్ పరవాలి. చెద, చెమ్మ రెండూ ఎక్కువగా ఉన్న ఈ నేలలో ఆ ప్లైవుడ్‌ను కాపాడుకోవడం తేలిక కాదు కాబట్టి, మామూలు ఇంటికి నేను షింగిల్స్‌ను సిఫారసు చేయను.

సిమెంట్ రేకు చవక, ఎండకూ వానకూ ఓర్చుకుంటుంది. కానీ అది వంగదు, విరుగుతుంది. పాత రేకును కింది నుంచి టార్చిలైటు వేసి చూస్తే బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నని బీటలు కనిపిస్తాయి. కాయ పడినప్పుడు పగులు సాధారణంగా అక్కడి నుంచే సాగుతుంది. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులు కోసినా పగిలినా లేచే ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం నిర్ధారించింది. కొత్తగా వేయించుకునేవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది. పాతవి తీయవలసి వస్తే తడిపి, మాస్కు పెట్టుకుని, ముక్కలు చేయకుండా దించాలి. బెంగుళూరు పెంకు కూడా పగిలేదే, అయితే పగిలిన ఒక్క పెంకునూ మార్చుకుంటే సరిపోతుంది. పెంకుటింటి చల్లదనం ఎరిగినవారు దాన్ని వదులుకోలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

దెబ్బల విషయంలో మాత్రం ఇనుప రేకుకే నా ఓటు. కాయ పడితే సొట్ట పడుతుంది కానీ సాధారణంగా చిల్లు పడదు. కొనేటప్పుడు కొట్టువాడు చెప్పే మందం పూత కలిపినదో, కలపనిదో అడగండి; దెబ్బను ఓర్చేది లోపలి ఉక్కు మందమే. సముద్రపు ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్ల ఉత్త జింకు పూత కంటే 55 శాతం అల్యూమినియం కలిసిన జింకు పూత, దానిపైన రంగు ఉన్న రేకు ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే తడి సిమెంటు తగిలినా, పశువుల పాకలో అమ్మోనియా ఆవిరి తగిలినా ఈ పూత త్వరగా పాడవుతుంది కనుక గోడ అంచుల వద్ద జాగ్రత్త అవసరం.

ఇక గాలి సంగతి. 1996 నవంబరు 6న కోనసీమను ముంచెత్తిన తుపానును చూసినవారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. భవనాలపై గాలి భారాన్ని లెక్కగట్టే మన ఐఎస్ 875 ప్రమాణం ఈ తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను, ప్రాతిపదికగా తీసుకుంటుంది. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. చూరు అంచుల్లో, మూలల్లో పైకి లాగే బలం అంతకంటే ఎక్కువగా కూడా ఉండవచ్చు. ఇనుప రేకు సొంత బరువు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలే. రేకుల మీద ఇసుక బస్తాలు, రాళ్ళు పెట్టి నిశ్చింతగా ఉండేవారు ఈ లెక్కను గమనించాలి. అవి రేకును పట్టి ఉంచలేవు సరికదా, రేకు లేచినప్పుడు రాళ్ళు మనుషుల మీద పడతాయి.

కనుక మేస్త్రితో ఒప్పందం చేసుకునేటప్పుడే బిగింపుల గురించి మాట్లాడుకోవాలి. గాలి లాగినప్పుడు ఒక కొన మాత్రమే వంగి ఉండే జె బోల్టు వంపు విచ్చుకుని జారిపోతుంది, రెండు కొనలూ రేకుకు బిగిసే యూ బోల్టు అలా జారదు. స్క్రూలైతే రబ్బరు వాషరుతో సహా, తయారీదారు సూచించినవే వాడాలి. వాషరు కొద్దిగా ఉబ్బి రేకుకు అంటుకునేంత బిగిస్తే చాలు, నలిగి బయటకు వచ్చేంత బిగిస్తే ఏడాదికే కారుతుంది. చూరులో, మూలల్లో, వాలులు కలిసే నడికప్పు వద్ద బిగింపులు దగ్గర దగ్గరగా పడాలి. రేకును మోసే అడ్డకర్ర వాసానికీ, వాసం గోడ మీది దుంగకూ, దుంగ కాంక్రీటు బెల్టుకూ ఇనుప పట్టీలతో కట్టి ఉండాలి. ఈ వరుసలో ఎక్కడ ఒక్క మేకు మీద ఆధారపడినా కప్పు అక్కడే ఊడుతుంది. పెంకుటింటికైతే అంచు వరసలను, నడికప్పును సిమెంటు పట్టీలతో పట్టించి, పెంకులను తీగతో కట్టించాలి.

కప్పు ఆకారం కూడా ముఖ్యమే. రెండు వాలుల కంటే నాలుగు వాలుల కప్పు గాలికి బాగా ఓర్చుకుంటుంది. వాలు మరీ తక్కువగా ఉన్న కప్పును గాలి ఎక్కువగా లాగుతుంది. చూరు గోడ దాటి 45 సెంటీమీటర్లకు మించకుండా చూసుకోవాలి. అరుగు మీది పంచ కప్పును ఇంటి కప్పుకు కొనసాగింపుగా కాక విడిగా నిలబెట్టిస్తే, గాలికి పంచ పోయినా ఇల్లు మిగులుతుంది.

పని పూర్తయిన రోజే రేకు మీద రాలిన ఇనుప రజనును ఊడ్పించాలి, లేకుంటే మొదటి వానకే తుప్పు మచ్చలు పడతాయి. ఏటా సెప్టెంబరులో మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి లోపలి నుంచి పైకి చూస్తే వెలుతురు చుక్కలు ఎక్కడ ఉన్నాయో తెలుస్తుంది. ఆ స్క్రూలు మార్పించాలి. అప్పుడే దింపువాడిని పిలిచి, ఇంటి మీదకు వాలిన చెట్ల కాయలను, ఎండు మట్టలను దింపించండి.