పాత డీజిల్ జీపు దారిలో లాగడం మానేస్తే లోపం ఎలా పట్టుకోవాలి?

బండి స్టార్ట్ బాగానే అవుతుంది. బెజవాడ వీధుల్లో తిరిగినంతసేపూ పేచీ లేదు. హైవే ఎక్కి కాస్త దూరం పోయాక, లేదా కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు సగం ఎక్కాక, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కినా లాగదు. పక్కన పెట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే. ఎంఎం 540, మేజర్, కమాండర్ లాంటి పాత మహీంద్రా డీజిల్ బండ్లున్నవాళ్లకి ఈ గొడవ బాగా తెలుసు.

షెడ్డుకి తీసుకెళితే ముందుగా వినిపించే మాట "పంపు విప్పాలి". వెంటనే ఒప్పుకోకండి. పంపు అంటే ఇంజన్‌కి ఒత్తిడితో డీజిల్ అందించేది, నాజిల్స్ అంటే దాన్ని ఇంజన్ లోపల చిమ్మేవి. రెండూ ఖరీదైన పని. పంపు ఒకసారి విప్పితే కాలిబ్రేషన్, అంటే అది ఇచ్చే డీజిల్ కొలత మళ్లీ సరిచెయ్యడం కూడా తప్పదు. ఆగితే కోలుకుని, తోలితే నీరసించే బండిలో లోపం చాలాసార్లు ట్యాంకుకీ పంపుకీ మధ్యనే ఉంటుంది. అక్కడుండేవి పైపులు, వాషర్లు, ఒక ఫిల్టర్, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు. వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు, ఇది ఇంజన్ తప్పేనా?

ఇంజన్ మోత పెరుగుతూ బండి మాత్రం కదలకపోతే అది క్లచ్ ప్లేటు జారడం. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, మూడో గేరులో నెమ్మదిగా క్లచ్ వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే డీజిల్ వైపు చూడక్కర్లేదు.

కాసేపు తోలి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, డ్రమ్ము మాత్రం ముట్టుకోవద్దు. ఒక్క చక్రం దగ్గరే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది. ఫోర్‌వీల్ లివర్ కూడా చూడండి. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగాల తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మట్టిలో, ఇసుకలో వేసిన ఫోర్‌వీల్ తారు రోడ్డు మీద కూడా అలాగే ఉంటే మలుపుల్లో బండిని ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువుగా అనిపిస్తుంది.

ఇంకో చిన్న పని. ఒక మనిషిని యాక్సిలేటర్ పూర్తిగా తొక్కమని, ఇంజన్ ఆపి ఉంచి, బానెట్ ఎత్తి పంపు మీది లివర్ చూడండి. అది చివరిదాకా వెళ్లి స్క్రూకి తగలాలి. కేబుల్ సాగినా, కాలికింద మ్యాటు అడ్డం పడినా తగలదు. ఇంజన్ ఆపడానికి లాగే నాబ్ ఉన్న బండయితే, అది పూర్తిగా లోపలికి పోయిందో లేదో చూడండి. సగం బయటికి ఉన్నా డీజిల్ తగ్గిపోతుంది.

పొగ ఏ రంగు?

బండి నీరసించిన సమయంలోనే, వెనక వచ్చేవాళ్లని చూడమనండి. లాగడం లేదు, పొగా లేదు అంటే డీజిల్ అందడం లేదు. నల్లటి పొగ అంటే గాలి అందడం లేదు, లేదా నాజిల్ సరిగా చిమ్మడం లేదు. నీలం పొగ ఆయిల్ కాలడం. బాగా వేడెక్కిన ఇంజన్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయేమో చూసుకోండి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకి చేరినా అంతే, బండి పక్కకి తీసి చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి.

డీజిల్ దారి

పవర్ పోయిన క్షణంలోనే బండి పక్కకి ఆపి ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత కొంచెం వదులుగా పెట్టి తోలితే బాగా లాగుతుంటే రోగం తెలిసిపోయింది. కొత్త మూత కొనండి.

అది కాకపోతే ట్యాంకులో చెత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినప్పుడు నీళ్లలో నిలబడ్డ బండ్లు చాలా ఉన్నాయి. ట్యాంకులోకి నీళ్లు చేరితే లోపల తుప్పు లేస్తుంది. తోలుతున్నప్పుడు ఆ తుప్పు పొరలు పీల్చే గొట్టం జాలీకి అతుక్కుంటాయి, బండి ఆగగానే రాలి కిందకి పోతాయి. పది నిమిషాలు ఆగితే బాగవడానికి ఇదొక కారణం. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్లు అది వరదలో నిలిచిందా అని తప్పకుండా అడగాలి. ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ తిప్పి గాజు సీసాలోకి కాస్త పట్టండి. నీళ్లుంటే అడుక్కి దిగి, డీజిల్‌కీ వాటికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాత పైపులు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుదాకా ఉండే పైపు డీజిల్‌ని పీలుస్తుంది. అందుకే దానికి చీలిక ఉన్నా బయటికి చుక్క కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. మన ఎండలకి రబ్బరు గట్టిపడి క్లిప్పుల దగ్గర పగుళ్లిస్తుంది. ఫీడ్ పంపుకి ముందు జానెడు ముక్క, లోపల కనిపించే డీజిల్ పైపు పెట్టండి. ఇంజన్ నడుస్తుండగా అందులో బుడగలు పోతుంటే గాలి పీలుస్తోందన్నమాటే.

అన్నిటికన్నా నాకు నమ్మకమైనది డబ్బా పరీక్ష. ఇది డీజిల్ బండికే, పెట్రోల్ బండికి ఎప్పుడూ చెయ్యొద్దు. శుభ్రమైన అయిదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, సైలెన్సర్ పైపుకి దూరంగా గట్టిగా కట్టి, ఫీడ్ పంపులోకి పోయే పైపును, వీలైతే మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగొచ్చే రిటర్న్ పైపును కూడా ఆ డబ్బాలోకి పెట్టండి. మూతకి గాలి పోయేంత కన్నం ఉండాలి. జనం లేని రోడ్డు మీద కొద్ది దూరం తోలండి. బండి లాగితే పంపు, నాజిల్స్ బాగున్నాయి, తప్పు ట్యాంకుది లేదా పైపులది. లాగకపోతే ఫీడ్ పంపు, ఫిల్టర్, గాలి వైపు రండి.

పైపు విప్పిన ప్రతిసారీ ఎయిర్ తియ్యాలి, అంటే లోపల చేరిన గాలిని బయటికి పంపాలి. ఫిల్టర్ తల మీది స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివర్ కొట్టండి. మొదట నురగ, తర్వాత పెద్ద బుడగలు, ఆ తర్వాత బుడగ లేని ధార. ధార ఆగకముందే స్క్రూ బిగించాలి. పాత రాగి వాషర్లు మళ్లీ వెయ్యకండి. అవే మళ్లీ గాలి పీలుస్తాయి. ఆటోనగర్‌లో కొత్తవి దొరుకుతాయి, పాతది చేత్తో పట్టుకెళ్లి సైజు కలిపి తెచ్చుకోండి. నాజిల్ పైపులు వదులు చేసి ఇంజన్ తిప్పేటప్పుడు చెయ్యి దగ్గరికి పోనివ్వకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

గాలి దారి

పాత జీపుల్లో చాలావాటికి ఆయిల్ పోసే ఎయిర్ క్లీనర్ ఉంటుంది. గిన్నె విప్పి చూడండి. మట్టిదారుల్లో తిరిగిన బండి అయితే అడుగున ముద్దలా బురద పేరుకుని ఉంటుంది. డీజిల్‌తో కడిగి, ఆరాక, గీతదాకానే కొత్త ఆయిల్ పోయండి. ఎక్కువ పోస్తే ఇంజన్ దాన్ని పీల్చేస్తుంది. ఎయిర్ హోస్ లోపలి పొర ఊడి, ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు మాత్రమే మూసుకుపోయే సందర్భాలూ ఉంటాయి. టార్చి వేసి చూడండి. సైలెన్సర్ రాళ్లకి తగిలి సొట్టపడిందేమో అదే చేత్తో చూసెయ్యండి.

కార్బ్యురేటర్ ఉన్న పెట్రోల్ జిప్సీ అయితే కథ వేరు. ఎండలో ఇంజన్ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోవచ్చు, వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్ స్పార్క్ ఇవ్వకపోవచ్చు. పెట్రోల్ పైపు ఇంజన్‌కి ఆనకుండా జరిపి కట్టడం అక్కడ మొదటి పని.

ఇవన్నీ చూశాక కూడా లాగకపోతే అప్పుడు పంపు, నాజిల్స్. ముందు నాజిల్స్ మాత్రమే విప్పించి టెస్టర్ మీద ఎలా చిమ్ముతున్నాయో మీ కళ్ల ముందు చూపించమనండి. అవి బాగుంటే ఇంజన్ కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలిని నొక్కే ఒత్తిడి కొలిపించండి. అదీ బాగుందని తేలాకే పంపు బల్ల మీదికి ఎక్కాలి. డబ్బా పరీక్షలో ఏం తేలింది, పొగ ఏ రంగు, ఎంతసేపు తోలాక పవర్ పోతోంది, ఈ మూడూ కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వండి.