పెట్ స్కాన్‌లో డోపమైన్ రిసెప్టర్లు, 4వ పాఠం: తగ్గినవి రిసెప్టర్లేనా?

డోపమైన్ అంటే మెదడు కణాలు సందేశాలు పంపుకునే రసాయనం, అది వచ్చి అతుక్కునే చోట్లే రిసెప్టర్లు; వాటిలో డీ1, డీ2 అని రకాలున్నాయి. ఈసారి డీ1 రిసెప్టర్లు మొదలుపెడదామనుకున్నాను. వయసుతో డీ2 రిసెప్టర్లు ఎంత శాతం తగ్గాయో కట్టమని పోయినసారి ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక అది పక్కన పెట్టేశాను. ఎక్కువమంది ఒకే చోట జారారు. నిష్పత్తిలోంచి ఆ "ఒకటి తీసేయడం" ఎందుకో నేను ఒక్క ముక్కలో దాటేశాను కదా, అక్కడే.

మళ్లీ చూద్దాం. రాక్లోప్రైడ్ అనేది డీ2 రిసెప్టర్లకు అతుక్కునే ట్రేసర్, అంటే పెట్ కెమెరాకు కనిపించేలా రేడియోధార్మికత చేర్చిన పదార్థం. ఆ స్కాన్‌లో స్ట్రయాటమ్‌ (మెదడు లోపల ఈ రిసెప్టర్లు ఎక్కువగా ఉండే భాగం) సంకేతానికీ చిన్నమెదడు సంకేతానికీ నిష్పత్తి 30 ఏళ్ల మనిషికి 4.0, 70 ఏళ్ల మనిషికి 3.4. మీరు 0.6ని 4తో భాగించి 15 శాతం తగ్గిందన్నారు. కానీ ఆ 4లో ఒక వంతు రిసెప్టర్లది కానే కాదు, దేనికీ గట్టిగా అతుక్కోకుండా కణజాలంలో ఊరికే ఉన్న ట్రేసర్‌ది. చిన్నమెదడులో డీ2 రిసెప్టర్లు దాదాపు లేవు కాబట్టే అక్కడి సంకేతాన్ని 1గా పెట్టుకున్నాం. అది తీసేస్తే మిగిలేదే బైండింగ్ పొటెన్షియల్, అంటే రిసెప్టర్లకు అతుక్కున్న వంతు: 3.0, 2.4. అంటే తగ్గింది 20 శాతం, దశాబ్దానికి 5.

పరిశోధనల్లో డీ2కి తరచూ కనిపించే అంకె దశాబ్దానికి 5 నుంచి 10 శాతం కాబట్టి "సరిపోయింది" అని పుస్తకం మూసేయాలనిపిస్తుంది. మూయకండి. నాకు చిరాకు తెప్పించే తప్పు సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

పెట్ కెమెరా కొన్ని మిల్లీమీటర్ల కన్నా సన్నని వివరం విడదీసి చూడలేదు. స్ట్రయాటమ్‌లో ఒక భాగమైన కాడేట్ పక్కనే ద్రవంతో నిండిన వెంట్రికిల్ అనే గది ఉంటుంది, వయసుతో అది పెద్దదవుతుంది, కాడేట్ కుంచించుకుపోతుంది. కొలవడానికి స్కాన్ మీద స్ట్రయాటమ్ చుట్టూ మీరు గీసిన హద్దులోకి ద్రవం చేరిపోతుంది. ఇప్పుడు 70 ఏళ్ల మనిషికి ఒక్క రిసెప్టర్ కూడా పోలేదనుకోండి, అసలు నిష్పత్తి 4.0 అలాగే ఉంది, హద్దులో 15 శాతం మాత్రం ద్రవం, అందులో సంకేతం సున్నా. 4.0ని 0.85తో గుణించండి. 3.4! ఒకటి తీస్తే 2.4. పైన వచ్చిన 20 శాతం తగ్గుదల మొత్తం, ఏ నష్టమూ లేకుండానే, మళ్లీ వచ్చేసింది. ఈ గుణకారం కాగితం మీద మీరే వేసి చూడండి, చదివితే ఎక్కదు.

దీన్నే పార్షియల్ వాల్యూమ్ ఎఫెక్ట్ అంటారు. కణజాలం ఎక్కడుందో, ద్రవం ఎక్కడుందో చూపే ఎంఆర్‌ఐ స్కాన్‌తో పోల్చి చూడకుండా వృద్ధుల పెట్ అంకెలు నేను నమ్మను.

అలాగని తగ్గుదలంతా భ్రమ అనుకోవద్దు. 1983లో జాన్స్ హాప్కిన్స్‌లో హెన్రీ వాగ్నర్ బృందం బతికున్న మనిషి మెదడులో ఈ రిసెప్టర్లను చూపింది, మరుసటి ఏడాదే అక్కడి నుంచి వయసు ప్రభావం మీద పేపర్ వచ్చింది. చనిపోయినవారి కణజాలంలో కొలిచినా తగ్గుదల కనిపించింది. తగ్గుతున్న మాట నిజం. ఎంత అన్నదే గొడవ.

ఇంకోటి, క్లుప్తంగా. రాక్లోప్రైడ్ రిసెప్టర్ మీద అదే సీటు కోసం మెదడులోని డోపమైన్‌తో పోటీపడుతుంది. డోపమైన్ తగ్గితే సీట్లు ఖాళీ అయి బైండింగ్ పెరిగినట్టు కనిపిస్తుంది, అసలు నష్టం దాగిపోతుంది. ఇది పై తప్పుకు సరిగ్గా ఎదురు దిశ.

అభ్యాసం. 25 ఏళ్ల మనిషికి నిష్పత్తి 4.0, హద్దులో ద్రవం లేదు. 70 ఏళ్ల మనిషికి 3.15, ద్రవం 10 శాతం. సవరించకముందు, సవరించాక దశాబ్దానికి ఎంతెంత తగ్గిందో చెప్పండి. సవరించిన బైండింగ్ పొటెన్షియల్ 2.5 రావాలి, రాకపోతే ఒకటి ముందే తీసేశారన్నమాట: ముందు 0.9తో భాగించి, తర్వాతే తీయాలి. అది అయ్యాక, పెద్దాయన చిన్నమెదడు హద్దులోనూ 5 శాతం ద్రవం కలిసిందనుకోండి, జవాబు ఎటు జరుగుతుంది, ఎంత? దీనికి ఒక సాయంత్రం పడుతుంది. అడుగులన్నీ రాసి పంపండి, ఒట్టి అంకె వద్దు.