బడ్జెట్ టెలీ జూమ్ కొనేముందు చివరి ఎంఎం దగ్గర పెట్టి చూడండి

పోయిన వారం తెనాలి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో 55-250 టెలీ జూమ్ లెన్స్ ఒకటి వచ్చింది, పైన ఒక్క గీత కూడా లేదు, తీసేసుకోనా" అని. దాంతో తీసిన ఫోటోలేమన్నా ఇచ్చాడా అంటే నాలుగు పంపించాడు, బాగానే ఉన్నాయి, కానీ ఫైల్ వివరాలు తెరిచి చూస్తే నాలుగూ 55, 70 ఎంఎం దగ్గర తీసినవే (ఎంఎం అంకె ఎంత పెరిగితే దూరంగా ఉన్నది అంత దగ్గరగా కనపడుతుంది). అరే, ఆ పని దాదాపుగా నీ దగ్గరున్న 18-55 లెన్స్ కూడా చేస్తదిగా, 250 దగ్గర, ఎఫ్ 5.6లో, అంటే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మొత్తం తెరిచి తీసింది ఒక్కటి పంపమను, అది చూశాక మాట్లాడదాం అన్నాను.

టెలీ జూమ్ మనం కొనేదే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చుకోవడానికి. నావైతే పది ఫోటోల్లో ఎనిమిది చివరి ఎంఎం దగ్గరే పడతాయి, అది కూడా పొద్దున్నే వెలుతురు చాలక అపర్చర్ మొత్తం తెరిచేసి. బడ్జెట్ లెన్స్ నీరసపడేది కూడా సరిగ్గా అక్కడే. తక్కువ ఎంఎంల దగ్గర చాలావరకు షార్ప్‌గానే ఉంటాయి, 200 దాటాక తేడాలు బయటపడతాయి. అందుకని మంచిదా కాదా అన్నది ఆ ఒక్క చోటే తేల్చుకోవాలి, మిగతా అంతా దాని తర్వాతే.

బడ్జెట్ అంటే నేననేది కెనాన్ 55-250, నికాన్ 70-300 ఏఎఫ్-పి, సోనీ 55-210 లాంటివి (ఏఎఫ్-పి, కింద వచ్చే ఎస్‌టిఎం అన్నవి ఫోకస్ మోటార్ రకాల పేర్లు). వీటి అపర్చర్ చివరి ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 గానీ 6.3 గానీ వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ 2.8 లెన్స్‌తో పోలిస్తే 5.6లో లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. కానీ ఆ 70-200 ఎఫ్ 2.8 లెన్సులు కిలోన్నర దాకా తూగుతాయి, 55-250 ఎస్‌టిఎం 375 గ్రాములే, పొద్దంతా మెడలో వేసుకుని చెరువు గట్టు మీద తిరిగినా బరువనిపించదు. కాబట్టి ఎండలో పిట్టలు, గ్రౌండ్‌లో క్రికెట్, జాతర, గాలిగోపురం మీది బొమ్మలు, వీటికి ఇవి చక్కగా సరిపోతాయి. కళ్యాణ మండపంలో సాయంత్రం పాప డాన్స్ ప్రోగ్రామ్ తీద్దామని కొంటుంటే మాత్రం వద్దు, ఆ డబ్బులతో 50 ఎంఎం గానీ 85 ఎంఎం గానీ ఎఫ్ 1.8 లెన్స్ తీసుకుని ముందు వరసలో కూర్చోండి.

కొనే ముందు కాగితం మీదే తేలిపోయేవి కొన్ని ఉంటాయి. మొదటిది స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకు ఫోటోలో పడకుండా ఆపేది, కెనాన్‌లో ఐఎస్ అంటారు, నికాన్‌లో విఆర్, సోనీలో ఓఎస్ఎస్. చేత్తో పట్టుకుని 250 దగ్గర తీయాలంటే పాత లెక్క ప్రకారం, క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కూడా కలుపుకుంటే, షట్టర్ స్పీడ్ 1/400 సెకండు అయినా ఉండాలి. స్టెబిలైజర్ ఉంటే కదలకుండా కూర్చున్న పిట్టని 1/100లో కూడా తీయొచ్చు, ఐఎస్‌ఓ (పెంచేకొద్దీ ఫోటోలో గరుకు పెరిగే సెట్టింగ్) అంత తగ్గుతుంది. ఎగిరే పిట్ట రెక్కల్ని మాత్రం అది ఆపలేదు, దానికి షట్టర్ స్పీడే గతి. కెనాన్ 75-300 తక్కువలో వస్తుంది, 300 అని రాసుంటుంది కాబట్టి చాలామంది ఆశపడతారు, దాంట్లో స్టెబిలైజర్ లేదు, 300 దగ్గర బాగా సాఫ్ట్ అన్న పేరు కూడా ఉంది. 250కీ 300కీ తేడా ఎంతండీ, బొమ్మ ఐదో వంతు పెద్దగా కనపడుతుంది, అంతే. షార్ప్‌గా ఉన్న 250 ఫోటోని క్రాప్ చేసుకుంటే సాఫ్ట్‌గా ఉన్న 300 కన్నా బాగుంటుంది. అందుకే కెనాన్ వాళ్లు అడిగితే నేను 55-250 ఎస్‌టిఎం అనే చెప్తాను, 2013లో వచ్చినా ఇప్పటికీ అదే మాట.

నికాన్ వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. 70-300 ఏఎఫ్-పి మంచి లెన్సే, ఫోకస్ చప్పుడు లేకుండా చకచకా పడుతుంది, కానీ డి90, డి3100, డి5100, డి7000 లాంటి పాత కెమెరా బాడీల మీద అది ఫోకసే అవ్వదు, చేత్తో తిప్పినా అవ్వదు. అదే లెన్స్‌లో విఆర్ ఉన్నది, లేనిది రెండు రకాలు ఉన్నాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కాబట్టి మీద విఆర్ అని అచ్చు వేసి ఉందో లేదో మీ కళ్లతో చదవండి, అమ్మేవాళ్లు రాసిన మాట నమ్మకండి.

ఇక అసలు టెస్టు. నా మొదటి లెన్స్‌ని షాపులోనే ట్యూబ్‌లైట్ వెలుతురులో కౌంటర్ మీది వస్తువులు రెండు తీసి, స్క్రీన్ మీద బాగుందనుకుని డబ్బులు కట్టేసి వచ్చేశాను. ఆ ఆదివారం పొద్దున్నే గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్లాను, చెరువు మధ్యలో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే కుడివైపు గూడబాతుకి ముక్కు మీది చుక్కలు, మెడ వెనక దూదిలాంటి వెంట్రుకలు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి, అదే చెట్టు మీద అంతే దూరంలో ఎడమ పక్కనున్నది నీళ్లలో తడిసిన బొమ్మలా అలికేసినట్టు ఉంది. ముందు ఫోకస్ తప్పిందనుకున్నా, కానీ రెండొందల ఫోటోల్లోనూ ఎడమ పక్క అదే తంతు. లోపల ఏదో ఒక గ్లాస్ ఎలిమెంట్ అక్షం మీద కుదురుగా లేక పక్కకి జరిగితే ఇలా అవుతుంది, డీసెంటరింగ్ అంటారు. ఒకే మోడల్‌లో ఒక పీస్ బ్రహ్మాండంగా, ఇంకో పీస్ ఇలా ఉండొచ్చు, కాబట్టి రివ్యూలు చదివితే మోడల్ గురించి తెలుస్తుంది గానీ మీ చేతిలో ఉన్న పీస్ గురించి తెలియదు. షాపువాళ్లు అప్పటికే వారం దాటిందని మార్చలేదు.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. న్యూస్‌పేపర్ షీట్లు నాలుగైదు చదునైన గోడకి అంటించండి, మధ్యలో ఒకటి, ఫ్రేమ్ నాలుగు మూలలకీ వచ్చేలా మిగతావి. 250 దగ్గర తీయాలంటే గోడకి ఎనిమిది పది మీటర్ల దూరం కావాలి, డాబా మీద పిట్టగోడ అయితే ఇంకా మంచిది. ట్రైపాడ్ మీద పెట్టి, కెమెరా గోడకి ఎదురుగా సమంగా ఉందో లేదో చూసుకుని (వంకరగా పెడితే మంచి లెన్స్‌ని కూడా అనుమానిస్తాం), స్టెబిలైజర్ ఆపేసి, రెండు సెకండ్ల టైమర్ పెట్టి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) మధ్యలో ఫోకస్ చేసి తీయండి. అపర్చర్ మొత్తం తెరిచి ఒకటి, ఎఫ్ 8లో ఒకటి. ఇవే జూమ్ మధ్యలోనూ ఒకసారి. తర్వాత కంప్యూటర్‌లో 100 శాతంలో పెట్టి చిన్న అక్షరాలు చదవండి. మధ్యలో చదవగలిగి మూలలన్నీ ఒకేలా కొంచెం మెత్తబడితే అది ఈ ధరలో మామూలే, ఎఫ్ 8కి వచ్చేసరికి సర్దుకుంటుంది. మూడు మూలలు బాగుండి ఒక్కటే అలికేసినట్టుంటే కెమెరాని తలకిందులు చేసి ఇంకోసారి తీయండి, ఫ్రేమ్‌లో మళ్లీ అదే మూల చెడితే తప్పు గోడది కాదు, లెన్స్‌దే, వెనక్కి ఇచ్చేయండి.

టెస్టుకి ముందు మీదున్న యూవీ ఫిల్టర్ తీసేయండి, ఇది మర్చిపోవద్దు. ఫ్రీగా ఇచ్చే ఫిల్టర్లు 18-55 మీద ఏమీ అనిపించవు, 250 దగ్గర మాత్రం ఫోటో మొత్తాన్ని మసక చేస్తాయి, లెన్స్ చెత్తది అని తిట్టుకున్నవాళ్ల చేత ఫిల్టర్ తీయించాక సమస్యే లేకుండా పోవడం నేను రెండుసార్లు చూశాను. అలాగే మధ్యాహ్నం డాంబరు రోడ్డు మీదుగా దూరంగా ఉన్న సెల్ టవర్‌ని తీసి షార్ప్‌గా లేదనకండి, వేడిగాలి అలలకి ఏ లెన్సయినా అంతే, లక్షల లెన్స్ కూడా అంతే. పొద్దున్న ఏడింటికి తీయండి. ఆ టవర్ కమ్మీలే గానీ కొబ్బరి మట్టలే గానీ తెల్లటి ఆకాశం మీద పెట్టి తీస్తే అంచుల వెంబడి ఊదారంగు గీత ఎంత వస్తుందో తెలుస్తుంది, సన్నగా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో పోతుంది, లావుగా వస్తే తెల్ల కొంగలు తీసినప్పుడల్లా బాధపెడుతుంది.

డిఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే ఇంకొకటి. లైవ్ వ్యూలో షార్ప్‌గా వచ్చి, వ్యూఫైండర్‌లోంచి (కన్ను పెట్టి చూసే కిటికీ) తీస్తే ప్రతిసారీ మెత్తగా వస్తుంటే గ్లాస్ మంచిదే, ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతోందన్నమాట. బాడీలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంటే సరిచేసుకోవచ్చు, చిన్న బాడీల్లో ఆ సెట్టింగే ఉండదు, అప్పుడు సర్వీస్ ఖర్చు ధరలోంచి తీసేయమని అడగాలి.

స్టెబిలైజర్ పనిచేస్తోందా లేదా చూడ్డానికి చివరి ఎంఎం దగ్గర 1/60లో చేత్తో పది ఫోటోలు ఆన్ చేసి, పది ఆఫ్ చేసి తీయండి. ఆన్‌లో ఆరేడు నిలవాలి, ఆఫ్‌లో ఒకటీ అరా వస్తాయి. రెండూ ఒకేలా ఉంటే చచ్చిపోయిందన్నమాట. సన్నగా గుయ్‌మని శబ్దం రావడం మామూలే, బొమ్మ ఒక్కసారిగా ఎగిరెగిరి పడుతుంటే మాత్రం మంచిది కాదు. ఫోకస్ సరిగా పడుతోందా చూడ్డానికి రోడ్డు మీద ఎదురొచ్చే బైకులు చాలు. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎస్‌టిఎం, ఏఎఫ్-పి లెన్సుల్లో ఫోకస్ రింగ్ తిప్పితే ఏమీ కదలదు, అది పాడవ్వడం కాదు, వాటి పద్ధతే అంత.

సెకండ్ హ్యాండ్ అయితే చేతిలో టార్చ్ లేకుండా వెళ్లకండి, ఫోన్‌ది చాలు. వెనక నుంచి లైట్ కొట్టి ముందు నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి, తర్వాత తిప్పి చూడండి. కెనాన్‌లో అపర్చర్ తెరిచే ఉంటుంది, నికాన్ జి లెన్సుల్లో (పేరులో జి ఉన్నవి) వెనకున్న చిన్న లివర్‌ని వేలితో పక్కకి నెట్టి పట్టుకోవాలి. నాలుగు దుమ్ము రేణువులు కనపడితే కంగారు పడొద్దు, జూమ్ చేసినప్పుడల్లా గాలి పీల్చే లెన్సులివి, దుమ్ము ఫోటోలో రాదు. సాలెగూడులా సన్నటి తీగలు అల్లుకుని ఉంటే అది ఫంగస్, దాన్ని వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బీరువాలో ఏళ్లతరబడి పడున్న లెన్సుల్లో ఇది తరచుగా కనపడుతుంది. క్లీన్ చేయిస్తే గాజు మీది పూత తినేసిన మచ్చ అలాగే ఉండొచ్చు, పైగా ఈ ధర లెన్స్‌కి ఆ ఖర్చు గిట్టదు. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ఫిల్టర్ పట్టే అంచు నొక్కుకుపోయి ఉంటే కింద పడిందని అర్థం, అప్పుడు గోడ టెస్టు తప్పనిసరి. ఎఫ్ 16లో పెట్టి బర్స్ట్‌లో (ఆపకుండా వరుసగా) పది కొట్టండి, మధ్యలో కొన్ని తెల్లగా వస్తే అపర్చర్ రేకులు అంటుకుంటున్నాయి.

ధర సంగతి. నా లెక్క ఏంటంటే వారంటీ లేని సెకండ్ హ్యాండ్‌కి, అన్ని టెస్టులూ పాసయినా సరే, ఈరోజు కొత్తదాని ధరలో సగం దాటి ఇవ్వను, వాళ్లు కొన్నప్పటి ధర నాకు అనవసరం. షాపుల్లో 'వైట్ బాక్స్' అని అమ్మేవి డబుల్ లెన్స్ కిట్‌లోంచి విడగొట్టినవి, వాడనివే ఉంటాయి, మంచి బేరమే, కానీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, ఇండియా వారంటీ ఉందా, షాపు వారంటీయేనా అడగండి. కెనాన్‌లో ఈ రేంజ్ లెన్సులకి హుడ్ (లెన్స్ ముందు ఎండకి అడ్డుగా పెట్టే గొట్టం) బాక్సులో రాదు, అది విడిగా కొనాలి, బేరంలో అదొకటి వేయించుకున్నా లాభమే. మిర్రర్‌లెస్‌కి మారే ఆలోచన ఉన్నా అడ్డు కాదు, కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ బాడీల మీద పనిచేస్తాయి, నికాన్ ఏఎఫ్-పి కూడా ఎఫ్‌టిజెడ్ అడాప్టర్‌తో జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్ మీద పనిచేస్తుంది, కాకపోతే అడాప్టర్ ధర కూడా లెక్కలో వేసుకోండి.

మా తమ్ముడికి చివరికి 250 ఫోటో వచ్చింది, మధ్యలో షార్ప్, మూలలు నాలుగూ సమానంగా మెత్తగా ఉన్నాయి. టార్చ్ వేసి వీడియో కాల్‌లో నాకు చూపించి తీసుకున్నాడు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొని అందులో సిలికా జెల్ ప్యాకెట్లు నాలుగు వేసి పెట్టుకోరా, నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే తీసి వేడిచేసి మళ్లీ వెయ్యి, వర్షాకాలంలో లెన్స్‌ని తోలు బ్యాగులో మాత్రం వదలొద్దు అని చెప్పాను.